చత్వారం, చాళీసు, సాళేశ్వరం: నలభై దాటిన చూపుకి మన ఇండ్లల్లో పేర్లు

దగ్గర పెట్టుకున్న అక్షరం మసకబారి, చెయ్యి చాచి దూరం పెడితేగాని ఆనకపోవడం నలభై దాటిన ప్రతి మనిషికీ వచ్చేదే. రాజుకీ వస్తుంది, కూలికీ వస్తుంది. ఇది జబ్బు కాదు, వయసు. కాని ఈ చిన్న సంగతికి మన తెలుగు ఇండ్లల్లో ఉన్న పేర్లు ఏరి పక్కపక్కన పెడితే, ఏ ఊళ్ళో మనం ఏ భాష పక్కన బతికినామో తెలిసిపోతుంది. ఇంకో సంగతీ తెలుస్తుంది. ఆంధ్రకి బయట ఉన్న మన ఇండ్లల్లో తెలుగు చదవడం ఎందుకు ఆగిపోయింది అంటే మనం అందరం బడి మీదికి తోసేస్తాం. బడి భాగం పెద్దదే, కాదనను. అయితే అందులో చత్వారం భాగం కూడా కొంత ఉంది. ఆ లెక్క ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు కాబట్టి నేను రాస్తా ఉన్నాను.

మాది హోసూరు పక్క. బీకాం చదివి బ్యాంకులో చేరి, ఉన్న ఊళ్ళో కొన్నాళ్ళు, బదిలీల మీద బళ్ళారి, షోలాపూర్, బరంపురం తిరిగి, యానాంలో రెండు నెలలు డెప్యుటేషన్ చేసి రిటైరైనాను. నేను భాషాశాస్త్రం చదవలేదు, కండ్ల డాక్టరునీ కాదు. కాని బ్యాంకు కౌంటరు మాటలు ఏరుకునేవాడికి మంచి చోటు. ఫారం చేతికిచ్చిన ప్రతి నలభై దాటిన మనిషీ, "సార్, అద్దాలు మర్చిపోయి వచ్చినా" అనే మాటని తన ఇంటి భాషలో అంటాడు.

ఒక్క చూపు, ఐదు మాటలు

పుస్తకాల తెలుగులో దీన్ని చత్వారం అంటారు. సంస్కృతంలో చత్వారః అంటే నాలుగు, చత్వారింశత్ అంటే నలభై. ఆ నలభైకి తోక తెగి మన నోట్లో చత్వారం అయింది. కోస్తా పక్క ఇది పుస్తకాల్లోనే కాదు, వాడుకలోనూ ఉన్న మాట. "చత్వారం వచ్చింది" అంటే పల్లెల్లో కూడా అర్థమవుతుంది. యానాంలో నేను విన్నదీ ఇదే. ఫ్రెంచివాళ్ళు 1954 దాకా ఏలినా యానాం తెలుగు గోదావరి తెలుగే కద. ఫ్రెంచిలో దీని పేరు ప్రెస్బిటీ. ఆ మాట ఇండ్లల్లోకి దిగినట్టు నాకు వినబడలేదు.

బళ్ళారిలో మన తెలుగువాళ్ళు "చాళీసు వచ్చింది" అంటారు. కన్నడంలో ఉన్న మాటే అది. కన్నడంలో నలభైకి నలవత్తు అనే సొంత మాట ఉండాది, అయినా ఈ చూపుకి మాత్రం చాళీసు. బళ్ళారి జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆ ఊళ్ళో తెలుగు, కన్నడం ఒక ఇంట్లోనే రెండు గదుల్లో ఉన్నట్టు ఉంటాయి. ఒకే మనిషి కొడుకుతో చత్వారం అని, పక్కింటి కన్నడాయనతో చాళీసు అని అనడం విన్నాను.

షోలాపూర్‌లో మరాఠీవాళ్ళది చాళిశీ. మరాఠీలో ఈ మాటకి మూడు పనులు. నలభయ్యో పడి చాళిశీ, ఆ వయసులో తగ్గే చూపు చాళిశీ, దానికి పెట్టుకునే అద్దాలూ చాళిశీ. "నా చాళిశీ ఎక్కడ పెట్టినా" అంటే కళ్ళజోడు వెతుకుతా ఉన్నాడని. మరాఠీలో చాళిశీ "లాగలీ" అంటారు, అంటే తగిలింది, పట్టుకుంది అని. మా బ్రాంచికి వచ్చే మన పద్మశాలి పెద్దాయన ఒకరు దాన్నే తెలుగు చేసి "చాళిశీ తగిలింది సార్" అనేవారు. రాయి తగిలినట్టు, ఎండ తగిలినట్టు. మాటతో పాటు దాని క్రియ కూడా కాపురానికి వచ్చేసింది.

బరంపురంలో ఒడియావాళ్ళు చాళిశా అంటారు. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అక్కడి మన ఇండ్లల్లో ముసలివాళ్ళ నోట చత్వారం, నడివయసువాళ్ళ నోట చాళిశా విన్నాను. ఒకే ఇంటి రెండు తరాల మధ్య మాట మారింది.

ఇక మా హోసూరు పక్క, ఇంకా దక్షిణాన తమిళనాడు తెలుగు ఇండ్లల్లో సాళేశ్వరం. తమిళంలోనూ సాళేశ్వరం, సాళేసరం అని వాడతారు. చిన్నప్పుడు నాకు ఇది ఏదో గుడి ఊరి పేరని అనిపించేది. రామేశ్వరం, కాళేశ్వరం ఉన్నట్టు సాళేశ్వరం. "తాతకి సాళేశ్వరం వచ్చింది" అంటే తాత యాత్రకి పోయివచ్చినాడేమో అనుకునేవాళ్ళం. ఇందులో ఈశ్వరుడు ఎవ్వరూ లేడు. చాళీసుకి మన నాలుక గుడి కట్టింది, అంతే. చ కాస్తా స అయింది తమిళం పక్కన ఉన్నందుకు.

ఇక్కడ ఒక అక్షరం చూడండి. హిందీ, ఉర్దూల్లో నలభైని చాలీస్ అంటారు, తేలిక ల తో. మరాఠీ చాళీస్‌లో, ఒడియా చాళిశ్‌లో ఉండేది బరువు ళ. కన్నడం చాళీసులో, తమిళం సాళేశ్వరంలో కూడా ళ యే. కాబట్టి ఈ మాట దక్షిణానికి దిగింది నేరుగా ఉర్దూ నించి కాదు, మరాఠీ నోటి మీదుగా అని నా ఊహ. ఊహకి ఆధారం లేకపోలేదు. 17వ శతాబ్దంలో శహాజీ బెంగుళూరులో ఉన్నాడు. తంజావూరిని 1675 ప్రాంతం నించి 1855 దాకా మరాఠా రాజులు ఏలినారు. వాళ్ళ కచేరీల్లో లెక్క రాసేవాళ్ళు, జాబు చదివేవాళ్ళు నలభై దాటినాక ఏమని వాపోయి ఉంటారో, ఆ మాటే ఊళ్ళోకి దిగి ఉంటుంది. చదివే పని ఉన్నవాడికే కద ఈ చూపు లోటు ముందు తెలిసేది. భాషాశాస్త్రం తెలిసినవాళ్ళు నా ఊహ తప్పంటే సంతోషంగా వింటాను.

నలభై అన్నవాళ్ళు, ముసలి అన్నవాళ్ళు, తెల్లక్షరం అన్నవాళ్ళు

ఈ పేర్లన్నిటిలో ఒక విచిత్రం ఉంది. తెలుగులో నలభై అనే సొంత మాట ఉండగా మనం "నలభై చూపు" అనలేదు, సంస్కృతం నలభై తెచ్చుకున్నాం. కన్నడంవాళ్ళు, తమిళంవాళ్ళు తమ నలవత్తు, నాఱ్పదు వదిలి ఉత్తరాది నలభై తెచ్చుకున్నారు. వయసు లెక్కని సొంత మాటతో చెప్పడానికి ఎవ్వరికీ మనసొప్పలేదు మరి!

ఇంగ్లీషు డాక్టర్లు ప్రెస్బయోపియా అంటారు. అందులో ప్రెస్బిస్ అంటే గ్రీకు భాషలో ముసలాయన. అంటే ముసలివాడి కన్ను. నలభై రెండేళ్ళ మనిషిని పట్టుకుని ముసలికన్ను అంటే ఎవడు ఒప్పుకుంటాడు? మన పేర్లు అంత మాట అనవు. నీకు నలభై వచ్చింది అని మర్యాదగా చెప్తాయి.

తమిళంలో మాత్రం సాళేశ్వరం కాక ఇంకొక అసలైన మాట ఉంది, వెళ్ళెఴుత్తు. అంటే తెల్లక్షరం. మలయాళంలోనూ అదే మాట. కాగితం మీద నల్లగా ఉండాల్సిన అక్షరం వెలిసిపోయి తెల్లగా, కాగితంలో కలిసిపోయినట్టు కనబడడం. మిగిలిన పేర్లన్నీ మనిషి వయసు చెప్తే, ఇది ఒక్కటి ఆ మనిషికి ఏం కనబడుతుందో చెప్తుంది. మా పక్క తెలుగులో దీన్ని అలాగే తిప్పి "అక్షరం తెల్లగా ఉండాది" అనే ముసలివాళ్ళు ఉండేవారు. చిన్నతనంలో నాకు అర్థం కాలేదు. నలభై ఆరో ఏట లెడ్జరు ముందు కూర్చున్నప్పుడు బాగా అర్థమైంది.

బ్యాంకు భాషలో చెప్పాలంటే తరుగుదల

అసలు లోపల జరిగేది ఇదీ. కంట్లో నల్లగుడ్డు వెనక ఒక కటకం ఉంటుంది. చిన్నతనంలో అది మెత్తన. దగ్గరిది చూడాలంటే చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కటకం ఉబ్బి గుండ్రమవుతుంది, అక్షరం ఆనుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ కటకం గట్టిపడుతుంది. కండరం పని చేస్తా ఉన్నా కటకం వంగదు. కటకమే మారుతుందని 1801లో థామస్ యంగ్ అనే ఇంగ్లీషాయన చూపించినాడు. నెదర్లాండ్స్ డాక్టరు డొండర్స్ 1864లో వేసిన పుస్తకంతో, ఏ వయసుకి ఎంత నంబరు అద్దం అన్నది ఒక శాస్త్రంగా కుదిరింది.

ఇందులో నాకు నచ్చిన లెక్క ఒకటి ఉంది. హాఫ్‌స్టెటర్ అనే అమెరికా ఆయన సూత్రం: 18.5 లోనించి వయసుని 0.3 తో గుణించి తీసేస్తే, దగ్గరిది చూడడానికి కంటికి సగటున ఎన్ని డయాప్టర్ల శక్తి మిగిలిందో వస్తుంది. పదేళ్ళ పిల్లవాడికి 15.5. నలభై ఏళ్ళకి 6.5. నలభై ఐదుకి 5. అరవైకి మిగిలేది అర డయాప్టరు. కామర్సు చదివినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు, ఇది సరళరేఖా పద్ధతి తరుగుదల. ఏటా ఒకే మొత్తం తీసేయడం. పుస్తకాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టి చదవడానికి 2.5 డయాప్టర్లు కావాలి. ఉన్నదంతా ఖర్చుపెట్టి చదవలేం, సగం నిల్వ ఉంచుకోవాలి, లేకపోతే కండ్లు గుంజుతాయి. అంటే 5 ఉండాలి. ఆ 5 దగ్గరికి దిగేది నలభై ఐదుకి. కాబట్టి చత్వారం నలభై దాటినాక ఒక్కసారి వచ్చిపడేది కాదు. పదేళ్ళ వయసు నించి తగ్గతానే ఉంది. మనకి నోటీసు వచ్చింది మాత్రం బ్యాలెన్సు కనీస నిల్వ కిందికి పోయినప్పుడు.

వ్యాసరాయల కళ్ళజోడు

మన దేశంలో కళ్ళజోడు చరిత్ర వెతికితే దొరికే పాత ఆనవాళ్ళలో ఒకటి మన పక్కదే. మాధ్వ పీఠాధిపతి వ్యాసతీర్థులు, వ్యాసరాయలని జనం పిలిచేవారు, ముళబాగిలులో శ్రీపాదరాయల దగ్గర చదువుకున్నారు. ఆ ముళబాగిలు ఇప్పటికీ తెలుగు వినబడే కోలారు జిల్లాలో ఉంది. తర్వాత చంద్రగిరిలో సాళువ నరసింహుడి దగ్గర, తిరుమలలో ఉండి, ఆఖరికి విజయనగరంలో కృష్ణదేవరాయల మన్నన పొందినారు. ఆయన మీద సోమనాథుడనే కవి సంస్కృతంలో వ్యాసయోగిచరితం రాసినాడు. అందులో ఆయన కళ్ళజోడు పెట్టుకుని తాళపత్రం చదివిన ప్రస్తావన ఉంది. ఆ సంగతిని పుణె భండార్కర్ సంస్థలో పనిచేసిన పి.కె. గోడే గారు పట్టుకుని, మన దేశంలో కళ్ళజోడు చరిత్ర మీద రాసిన వ్యాసంలో పెట్టినారు. అది 1520 ప్రాంతం మాట. అప్పటికి వ్యాసరాయలకి అరవై.

కళ్ళజోడు ఇటలీలో 13వ శతాబ్దం చివర్లో పుట్టింది. పోర్చుగీసువాళ్ళు 1510లో గోవా పట్టుకున్నారు. వాళ్ళ ఓడల్లో ఇక్కడికి వచ్చి ఉండొచ్చని ఒక వాదం. అంతకుముందే ఇక్కడ స్ఫటికం అరగదీసి చేసుకునేవారని ఇంకొక వాదం. ఏదైనా కానీ, మనకి కావలసిన సంగతి వేరే ఉంది. తాళపత్రం మీద గంటంతో గీసిన అక్షరం సన్ననిది. మసి రుద్దితేగాని తేలదు. అరవై ఏళ్ళ పండితుడికి అది అద్దం లేకుండా ఆనదు. హంపీలో రాజు మన్నించిన గురువుకి అద్దం దొరికింది. మరి దొరకని పండితుల సంగతి? శిష్యుడు చదివి వినిపించాలి, లేకపోతే కంఠస్థం చేసినదానితో గడపాలి. మన పాత చదువులో కంఠస్థానికి అంత విలువ ఎందుకు అని అడిగితే చాలా కారణాలు చెప్తారు. నలభై దాటినాక మనిషికి మిగిలే పుస్తకం అదొక్కటే అన్నది కూడా ఆ కారణాల్లో చేర్చుకోవాలని నాకనిపిస్తుంది.

సంతలో అద్దాల పెట్టె

ఇరవయ్యో శతాబ్దంలో మన పల్లెలకి కళ్ళద్దాలు డాక్టరు చేతి మీదుగా రాలేదు, సంత మీదుగా వచ్చినాయి. రేకు పెట్టెలో వరసగా అద్దాలు పేర్చుకుని ఒక మనిషి చింతచెట్టు కింద కూర్చునేవాడు. పక్కన ఒక పాత పేపరు ముక్క. ఒక జత పెట్టుకో, పేపరు చూడు, కనబడకపోతే ఇంకో జత. ఏది ఆనితే అది నీది. నంబరు గింబరు ఏమీ లేదు. నవ్వొస్తుంది గాని, రెండు కండ్లకీ ఒకే నంబరు చాలే మనిషికి ఆ పద్ధతి పనికొచ్చేదే.

అయితే ఆ పేపరు ముక్క తమిళం. తమిళనాడు సంతలో తమిళం పేపరు కాక ఇంకేముంటుంది? వీధిబడిలో తెలుగు అక్షరాలు మాత్రం నేర్చుకున్న పెద్దాయన ఆ పేపరు చూసి ఏం చెప్పగలడు? కనబడడం లేదా, చదవడం రాదా? అందుకే మా పక్క ముసలివాళ్ళు అద్దాలు కొనడానికి పోయేటప్పుడు పంచాంగం చంకన పెట్టుకుని పోయేవారు. పంచాంగంలో అక్షరం ఎంత చిన్నదో మీకు తెలుసు కద. తిథి, నక్షత్రం, వర్జ్యం కనబడితే ఆ అద్దం పాసైనట్టు.

ఇదే చిక్కు ఇప్పటికీ ఆస్పత్రిలో ఉంది. దగ్గరి చూపు పరీక్షకి ఒక అట్ట ఇస్తారు, చిన్న నించి పెద్ద దాకా అక్షరాలతో. వియన్నాలో యేగర్ అనే డాక్టరు 1854లో మొదలుపెట్టిన పద్ధతి అది. అట్ట మీద ఉండేది ఆ రాష్ట్రం భాష, ఇంగ్లీషు. తెలుగు మాత్రం చదవగలిగిన మన పెద్దామె "నాకు రాదమ్మా" అంటే, చదువు రానిదని రాసుకుని పంపేస్తారు. ఆమె తెలుగులో రామాయణం చదివిన మనిషని అక్కడ ఎవరికి తెలుస్తుంది?

చూపుతో పాటు పోయిన లిపి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా అమ్మ పుట్టిల్లు సేలం పక్క ఒక పల్లె. అమ్మ తండ్రి వీధిబడిలో తెలుగు నేర్చుకున్న మనిషి. రాత్రి అన్నాలైనాక దీపం ముందు పెట్టుకుని భాగవతం చదివేవారట, వీధిలో పదిమంది వచ్చి వినేవారట. ఆయన పిల్లలు, అంటే మా అమ్మ, మామలు, తమిళం బడికి పోయినారు. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. తెలుగు లిపి తెలిసినది ఆ ఇంట్లో తాత ఒక్కరికే.

నలభై ఐదు దాటినాక దీపం వెలుతురులో ఆయనకి అక్షరం ఆనడం మానేసింది. చత్వారానికి వెలుతురు తక్కువైతే ఇంకా కష్టం, మధ్యాహ్నం ఎండలో కనబడేది రాత్రి దీపానికి కనబడదు. కొన్నాళ్ళు పుస్తకం దూరంగా పట్టుకున్నారు, కొన్నాళ్ళు పగలు చదివినారు. పగలు వినడానికి ఎవరికి తీరిక? సేలం పోయి అద్దాలు తెచ్చుకోవాలంటే డబ్బు ఒక మాట, "అద్దాలు పెట్టి దొరవైపోయినావా" అనే ఎగతాళి ఒక మాట. చదవడం ఆగిపోయింది. పుస్తకాలు అటక మీదికి పోయినాయి, చెదలు తిన్నాయి. నోటికి వచ్చిన పద్యాలు మాత్రం ఆయన పోయేదాకా చెప్పినారు.

మా మామలు తెలుగు నేర్చుకోలేదు అని చుట్టాలు అంటా ఉంటారు. నేర్పేవాడికి కనబడాలి కద! తండ్రికి పుస్తకం చేతిలోకి తీసుకునే శక్తి పోయిన సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు ఎదిగి అక్షరాలు నేర్చుకునే వయసుకి వచ్చినారు. ఇది మా ఒక్క ఇంటి లెక్క కాదు. ముప్పై, ముప్పై ఐదుకి కడపటి పిల్లలు పుట్టే కాలంలో, ఆ పిల్లలు పదేళ్ళవాళ్ళయ్యేసరికి తండ్రికి చత్వారం. ఆంధ్రలో అయితే తండ్రికి కనబడకపోయినా బడి ఉంది, వీధిలో బోర్డులున్నాయి, పేపరుంది. మన ఊళ్ళల్లో తెలుగు లిపికి ఉన్న ఒకే ఒక్క దారం ఆ ఇంటి పెద్ద చూపు. అది సన్నగిల్లితే దారం తెగిపోయినట్టే.

తమిళనాడులో 2006 చట్టంతో తమిళం అన్ని బళ్ళల్లో తప్పనిసరి అయినాక, మా హోసూరు పక్క తెలుగు బడులకి ఏమైందో ఇక్కడ చాలామంది రాసినారు, నేను మళ్ళీ రాయను. నేను అనేది ఒక్కటే. బడి మన చేతిలో లేదు, తాత కళ్ళజోడు మన చేతిలో ఉంది.

వేలిముద్ర

బ్యాంకులో ఇంకో కోణం చూసినాను. చదువు రానివాళ్ళ ఖాతాకి పద్ధతి వేరు. ఫొటో ఉండాలి, డబ్బు తీయాలంటే మనిషి స్వయంగా రావాలి, వేలిముద్రకి సాక్షి ఉండాలి, మామూలుగా చెక్కుబుక్కు ఇవ్వరు. అది వాళ్ళ భద్రత కోసమే పెట్టిన పద్ధతి. కాని అందులోకి వచ్చిపడేవాళ్ళందరూ చదువు రానివాళ్ళు కాదు. యవ్వనంలో తెలుగులో నీటుగా సంతకం చేసిన మనిషి, యాభై దాటినాక గీత కనబడక సంతకం వంకర పోతే, నమూనాతో కలవదు. రెండుసార్లు ఫారం తిరిగొస్తే సిగ్గుపడి "వేలిముద్ర వేయించుకోండి సార్" అంటాడు. ఆ రోజునించి అతను కాగితం మీద నిరక్షరాస్యుడు. బరంపురంలో ఇలాంటి ఒకాయన నాతో, "నాకు అక్షరం తెలుసు బాబూ, అక్షరానికే నేను తెలియటం లేదు" అన్నారు.

అప్పుడు నేను చేసింది పెద్ద పనేమీ కాదు. +1.5, +2, +2.5 నంబర్ల అద్దాలు మూడు జతలు కొని, పెన్నుకి కట్టినట్టే దారంతో కౌంటరుకి కట్టించినాను. మొదటి నెలలో ఒక జత దారంతో సహా మాయమైంది. మిగతా రెండు జతలతో చాలామంది తమ ఫారం తామే నింపుకున్నారు.

చేతిపని చేసేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. షోలాపూర్‌లో మనవాళ్ళు మగ్గం మీద బతికినారు, ఆడవాళ్ళు బీడీలు చుట్టినారు. తెగిన పోగు అతకాలన్నా, ఆకు కొలతకి కత్తిరించాలన్నా దగ్గరి చూపే. నలభై దాటిన నేతగాడికి పని తగ్గింది అంటే చెయ్యి తగ్గిందని అనుకుంటారు, తగ్గింది కన్ను. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీల మీద చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవాళ్ళ కోత, ఇవ్వనివాళ్ళ కన్నా సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. ఆకు కోయడానికే అంత తేడా వస్తే, పోగు అతకడానికి ఎంత ఉంటుందో మీరే లెక్క వేసుకోండి. ఇక బియ్యంలో రాళ్ళు ఏరేది, సూదికి దారం ఎక్కించేది ఆడవాళ్ళే. అవ్వ "సూదిలో దారం ఎక్కించు నాయనా" అని పిలిస్తే పరిగెత్తినవాళ్ళం మనమందరం. ఆమెకి అద్దాలు కొనాలన్న ఆలోచన ఏ ఇంట్లోనూ ఎవరికీ రాలేదు.

మీ ఇంటి మాట

ఒక జాగ్రత్త చెప్పాలి. అరవై ఐదు దాటిన పెద్దవాళ్ళు ఉన్నట్టుండి "నాకు చూపు తిరిగొచ్చింది, అద్దాలు లేకుండానే చదువుతా ఉన్నా" అంటే సంబరపడి ఊరుకోకండి. చాలాసార్లు అది శుక్లం మొదలైనందుకు గుర్తు. డాక్టరుకి చూపించండి. సంత అద్దాలతో సరిపెట్టుకునేవాళ్ళని కూడా ఒక్కసారి పరీక్షకి తీసుకుపోండి, నీటికాసులు లాంటివి చెప్పకుండా వస్తాయి. పోయేటప్పుడు తెలుగు పుస్తకం ఒకటి వెంట తీసుకుపోండి, మా ముసలివాళ్ళు పంచాంగం తీసుకుపోయినట్టు.

ఇప్పటి పిల్లలు చాళీసు, సాళేశ్వరం అనరు, "రీడింగ్ గ్లాస్ పడింది" అంటారు. ఆ మాటలు ఇంకో పదేళ్ళు పెద్దవాళ్ళ నోట్లో ఉంటాయి, తర్వాత ఉండవు. కాబట్టి మీ ఇంట్లో ఈ చూపుని ఏమంటారో కింద రాయండి. ఊరు, జిల్లా, ఇంటి వృత్తి, ఆ మాట ఎవరి నోట విన్నారో కూడా రాస్తే మేలు. వచ్చిందా, తగిలిందా, పడిందా, ఆ క్రియ తప్పకుండా రాయండి. తంజావూరు, మదురై పక్కవాళ్ళు, ముంబై కామాటిపుర పాత కుటుంబాలవాళ్ళు రాస్తే నా ళ అక్షరం ఊహ నిలుస్తుందో లేదో తేలుతుంది.

అడిగే ముందు పెద్దవాళ్ళకి సరైన అద్దాలు ఉన్నాయో లేదో చూడండి. అటక మీద తెలుగు పుస్తకం ఏదైనా మిగిలి ఉంటే దుమ్ము దులిపి వాళ్ళ చేతికివ్వండి. చదువుతా ఉంటే పక్కన మనవణ్ణి కూర్చోబెట్టండి.